ఎడంచేతి రేకు

మాణిక్యాంబ ఎడమచేతి వాటం మనిషి. ఆ సంగతి ఆత్రేయపురం మొత్తమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ అత్తగారు కాసులమ్మ, రెండోది ఆ చెయ్యే.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు కోడల్ని కుండ ముందు కూర్చోబెట్టి పూతరేకు తియ్యడం నేర్పింది. కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని కుండ వీపు మీద ఒక్క ఈడ్పు ఈడవాలి. ఈడ్చిన మరుక్షణం రేకు కట్టి పైకి లేస్తుంది. ఎదురుగా ఎవరైనా తుమ్మితే ఎగిరిపోయేంత పలచన. కోడలు వాటం కొద్దీ ఎడంచేత్తో గుడ్డ అందుకోగానే కాసులమ్మ ఆ చేతి మీద ఫెడీమని ఒకటిచ్చింది. "నోట్లోకెళ్ళేదాన్ని ఆ చేత్తో ముట్టుకుంటారేంటే ఎవరైనా? చూసినోళ్ళు మన రేకు తింటారా?" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆ చెయ్యి కొంగు చాటున దాక్కుంది. ఆర్నెల్లు రేకులన్నీ చిరిగాయి. ఏడో నెలకి కుడిచెయ్యి దారికొచ్చింది. ఆ తరవాత పాతికేళ్ళలో మాణిక్యాంబ తీసినంత నాజూకు రేకు ఆ వీధిలో మరొకరు తియ్యలేదని కాసులమ్మే పదిమందికీ చెప్పుకునేది, అదీ కోడలు దగ్గర లేనప్పుడు మాత్రమే.

ఇంత గడుసు అత్తగారి మీద కోడలికి కసి ఉండాలి కదా అనుకుంటాం. లేదు. పెళ్ళైన నాలుగో ఏట మొగుడు విషజ్వరంతో పోతే, పిల్లాపీచూ లేని మనిషిని పుట్టింటికి పంపెయ్యమని చుట్టాలంతా సలహా చెప్పారు. కాసులమ్మ అందరికీ కాఫీలిచ్చి, అందరూ తాగేదాకా ఆగి, "పోయింది నా కొడుకు. నా కోడలు ఎక్కడికీ పోలేదు" అని చెప్పి సాగనంపింది. మర్నాడు కుండనీ పొయ్యినీ కోడలికి అప్పజెప్పేసింది. మాణిక్యాంబ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

డాక్టర్ హైమవతి ఆ వీధిలోకి వచ్చింది పూతరేకులు కొనుక్కోడానికే. కొనడం మర్చిపోయి గంటసేపు మాణిక్యాంబ చేతి కేసి చూస్తూ నిలబడిపోయింది. ఆఖరికి, రాజమండ్రిలో తన ప్రయోగశాల ఉందనీ, అక్కడ ఇంతకంటే పలచటి రేకులున్నాయనీ, వాటిని చిరక్కుండా ఎత్తేవాళ్ళే లేరనీ చెప్పి, వస్తారా అని అడిగింది. కాసులమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, ఆ రేకులు ఏ పిండితో చేస్తారని అడిగింది. మనిషి కండతో అని తెలిశాక ఆ పూట భోజనం మానేసింది గానీ, కోడల్ని వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

ఆ ప్రయోగశాలలో తయారుచేసేవి గుండె గోడకి రక్తం అందించే నాళాలు. రోగి తొడలోంచి బఠాణీ గింజంత కండ తీసి, దాని కణాలని నలుపలకల గాజు పళ్ళెంలో పెంచుతారు. పళ్ళెం అడుగున కంటికి కనపడని సన్నటి గాట్లుంటాయి. కణాలు ఆ గాట్ల వెంట, నాట్లు వేసిన మడిలో వరుసల్లాగా, ఒకే వైపుకి పెరుగుతాయి. మూడు వారాలకి పళ్ళెం నిండా పొర కడుతుంది. ఆ పొరని ఎత్తి, సూది కంటే సన్నటి తీగకి చుట్టి, పది రోజులు ఊరనిచ్చి తీగ లాగేస్తే గొట్టం మిగులుతుంది. దాన్ని గుండె గోడలో కుడితే, సొంత కణాలే గనక ఒళ్ళు కాదనదు. అంతా బాగానే ఉంది, చిక్కల్లా ఎత్తడం దగ్గరే. ఎక్కణ్ణుంచో తెప్పించిన మరచేతులు అయిదింట నాలుగు పొరల్ని చింపేసేవి. మాణిక్యాంబ మొదటిరోజు పదకొండు ఎత్తింది. ఒక్కటీ చిరగలేదు. ఆ సాయంత్రానికల్లా పెద్ద చదువులవాళ్ళంతా ఆ పొరకున్న నోరు తిరగని పేరు వదిలేసి "రేకు" అనడం మొదలుపెట్టారు.

మొదటి వారం సాధనకి కుడిచేత్తోనే ఎత్తింది. రెండో వారం, గదిలో ఎవరూ లేని ఒక పూట, ఎడంచెయ్యి మెల్లగా కొంగు చాటు నుంచి బయటికొచ్చింది. ఈ గొట్టాలు ఎవరి నోట్లోకీ వెళ్ళవు కదా, ముందు పరీక్షకి పెట్టేది మేకల గుండెలకే కదా, మేకకి ఏ చెయ్యైతేనేం అనుకుంది. పాతికేళ్ళు కట్టేసి ఉంచిన చెయ్యి ఎంత హాయిగా పనిచేసిందో ఆవిడకే తెలుసు. ఎడమపక్క సూక్ష్మదర్శిని స్తంభం అడ్డొచ్చేది, అందుకని ఆ చేతికి వీలుగా పళ్ళేన్ని పావువంతు తిప్పుకునేది. ఆ తిప్పడాన్ని ఎవరూ గమనించలేదు. ఆవిడ కూడా దాన్ని ఒక పనిగా అనుకోలేదు. ఎవరి అడుగుల చప్పుడైనా వినపడితే మాత్రం పని ఆపి, తెల్లకోటు సర్దుకుంటున్నట్టు నటించేది.

ఇరవై రెండు మేకల గుండెలకి ఆ గొట్టాలు కుట్టారు. పందొమ్మిది మేకలు ప్రయోగశాల వెనక దొడ్లో గంతులేశాయి. ఒకే వారంలో చుట్టిన గొట్టాలు పెట్టిన మూడు మాత్రం పోయాయి. ఆ వారం తాలూకు నీళ్ళు పరీక్షించారు, పళ్ళేలు పరీక్షించారు, ఆఖరికి మేకల మేత కూడా పరీక్షించారు. ఇంటి దగ్గర కుండ తగిలి మాణిక్యాంబ ఎడమ బొటనవేలు కాలి కట్టు కట్టుకున్న వారం అదేనని అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాళ్ళూ లేరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాసులమ్మకి ఆయాసం పట్టుకుంది. పొయ్యి దగ్గర్నుంచి గడప దాకా నడిస్తే చాలు, గుండె చేత్తో నొక్కుకుని కూలబడేది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె ఎడమ గది గోడ లోపలి నాళాలు చాలామటుకు పూడుకుపోయాయన్నారు. అంత సన్నటి నాళాలకి స్టెంటు పట్టదు, కాలి నరం తెచ్చి కుడదామన్నా కుదరదు అన్నారు. మహా అయితే ఒక ఏడాది బతుకుతారన్నారు.

మాణిక్యాంబ తిన్నగా హైమవతి దగ్గరికి వెళ్ళి, ఆ ఎడమ గదిలోనే అంత తంటా ఎందుకొచ్చిందని అడిగింది. హైమవతి పిడికిలి గట్టిగా బిగించమంది. కాసేపాగి విప్పమంది. అరచెయ్యి పాలిపోయి ఉంది. చూస్తుండగానే మళ్ళీ ఎర్రబడింది.

"ఎడమ గది చేసేది ఇదేనమ్మా," అంది హైమవతి. "ఒళ్ళంతటికీ రక్తం పంపాలి కాబట్టి అంత గట్టిగా బిగుసుకుంటుంది. ఆ బిగువుకి దాని గోడలో నాళాలే నలిగిపోతాయి. అందరికీ పంపేటప్పుడు దానికి దక్కదు. వదులైనప్పుడే అది తినాలి. కుడి గదికి అంత కష్టం లేదు, పక్కనున్న ఊపిరితిత్తులకి పంపితే చాలు. మెత్తగా పనిచేస్తూ, పంపుతూనే తాను కూడా తింటుంది."

మాణిక్యాంబకి కళ్ళముందు కాసులమ్మ కనపడింది. ఇంటికి ఎంతమంది వచ్చినా అందరికీ వడ్డించి, అందరూ లేచాక గిన్నె అడుగున ఏముంటే అది తినే మనిషి. ఆవిడ గుండెకీ అదే అలవాటు అన్నమాట అనుకుంది. మనుషుల మీద ప్రయోగానికి అనుమతి రాగానే కాసులమ్మ పేరు రెండోదిగా రాస్తానని హైమవతి మాట ఇచ్చింది. మాణిక్యాంబ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మొదటి పేరు అబ్బులు మాస్టారిది. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఆయనదీ కాసులమ్మ లాంటి జబ్బే. తన గొట్టాలు చుట్టే ఆవిణ్ణి చూస్తే గానీ ఆపరేషన్‌కి ఒప్పుకోనని భార్య సుభద్రమ్మని వెంటబెట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, మొత్తం ఎన్ని గొట్టాలని అడిగాడు. ఆరు, నాలుగు ఎడమ గదికి, రెండు కుడి గదికి అని చెప్పింది మాణిక్యాంబ.

"లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్ అని ముప్పై ఏళ్ళు అరిచానమ్మా," అన్నాడాయన. "డ్రిల్లులో మొదటి అడుగు ఎప్పుడూ ఎడమదే పడాలి. నా ఎడమ కాస్త జాగ్రత్తగా చూడు."

"ఆయ్, అలాగేనండి," అంది మాణిక్యాంబ.

అని, ఏం చేసిందో చూడండి. రేకులెత్తే రోజు తెల్లారకుండానే లేచి తలంటు పోసుకుంది. దేవుడి దగ్గర దీపం పెట్టింది. బస్సులో ధవళేశ్వరం బ్యారేజి దాటుతుంటే గోదారికి దణ్ణం పెట్టుకుంది. ఇది మేకకి కాదు, మనిషికి. అందులోనూ పెద్దాయనకి, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పిన మాస్టారికి. పెద్దవాళ్ళకి ఏది ఇచ్చినా కుడిచేత్తోనే ఇవ్వాలి. ఎడంచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆరు గొట్టాలూ కుడిచేత్తోనే చుట్టింది. జన్మలో అంత భక్తిగా ఏ పనీ చెయ్యలేదు.

ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. రెండో వారానికి మాస్టారు వరండాలో నడిచాడు. మూడో వారానికి ఇంటిముందు బడి పిల్లల్ని వరసగా నిలబెట్టి లెఫ్ట్ రైట్ అనిపించాడని కబురొచ్చింది. ప్రయోగశాలలో అందరూ మిఠాయిలు పంచుకున్నారు. కాసులమ్మ ఆపరేషన్‌కి తేదీ కూడా పెట్టేశారు. నలభై రెండో రోజు పొద్దున మాస్టారు పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు.

తన గుండెని ప్రయోగశాలకే ఇవ్వమని ఆయన ముందే రాసి పెట్టాడు. సుభద్రమ్మ కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టింది. హైమవతి ఆ గుండెని కోసి చూసేటప్పుడు మాణిక్యాంబ కూడా పక్కనే ఉంది. కుడి గది గోడలో కుట్టిన రెండు గొట్టాలూ నిన్న పెట్టినట్టున్నాయి. ఎడమ గది గోడలో నాలుగూ నలిగి, మడతలు పడి, ఆ మడతల్లోనే అతుక్కుపోయి ఉన్నాయి. ఒకే రేకు, ఒకే చుట్టు, ఒకే మనిషి. మేకల్లో ఎడమ పక్కన పనిచేసింది మనిషిలో ఎందుకు పనిచెయ్యలేదో ఎవరికీ అంతుపట్టలేదు. అది తెలిసేదాకా ఇంకెవరి గుండే ముట్టుకునేది లేదని హైమవతి తేల్చి చెప్పేసింది. కాసులమ్మ తేదీకి ఇంకా మూడు వారాలే ఉంది. ఆ తేదీ కొట్టేశారు.

ఇంటికొచ్చి అత్తగారికి ఏం చెప్పాలో మాణిక్యాంబకి తోచలేదు. ఏదో యంత్రం బాగాలేదంది. కాసులమ్మ నమ్మినట్టే తలూపింది. ఆవిడకి అప్పటికి మంచం దిగే ఓపిక కూడా పోయింది, నులకమంచం పొయ్యి ఎదురుగా వేయించుకుని పడుకునే పని అజమాయిషీ చేసేది.

రెండు రోజుల తరవాత, మధ్యాహ్నం పూట, మాణిక్యాంబ కుండ ముందు కూర్చుని రేకులు తీస్తోంది. మనసు ఇక్కడ లేదు. మాస్టారి కుర్చీ చుట్టూ తిరుగుతోంది. గుడ్డ జావలో ముంచింది, ఈడ్చింది, రేకు తీసి పక్కన పెట్టింది, మళ్ళీ ముంచింది. మంచం మీద నుంచి కాసులమ్మ గొంతు వినపడింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు.

"మళ్ళీ ఆ చెయ్యేనేంటే? మనుషులు తినేది... మేకలకి పెడతన్నావనుకున్నావా?"

మాణిక్యాంబ తన చేతి కేసి చూసుకుంది. గుడ్డ ఎడంచేతిలో ఉంది. మేకలకి ఈ చెయ్యి. మాస్టారికి ఆ చెయ్యి. వేలు కాలిన వారం మేకలకి కూడా ఆ చెయ్యే, ఆ మూడు మేకలూ పోయాయి. కుండ మీద రేకు మాడి వాసనొస్తున్నా ఆవిడకి తెలియలేదు.

పక్కనున్న రేకుల్లోంచి ఒకటి తీసుకుంది. మెత్తబడేలా తడిగుడ్డ అద్దకుండానే, గుడ్డ ఈడ్చిన వైపుకి అడ్డంగా మడిచింది. మడత దగ్గర పుటుక్కున విరిగింది. ఇంకోటి తీసుకుని ఈడ్పు వెంటే మడిచింది. విరగలేదు, ఒదిగింది. వేళ్ళ మధ్య నొక్కి వదిలితే మళ్ళీ విచ్చుకుంది. ఇది ఆవిడకి కొత్త సంగతేమీ కాదు, పాతికేళ్ళుగా వేళ్ళకి తెలిసిన సంగతే. వేళ్ళకి తెలిసింది తలకి అందడానికే ఇంత కాలం పట్టింది.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళి హైమవతి గది గుమ్మంలో నిలబడింది. కాపురానికొచ్చిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేసింది, కొంగు చాటు, చేతి మీద దెబ్బ, కాలిన వేలు, తలంటు, దీపం, ఏదీ దాచలేదు. చివరికి ఒక్క మాట అంది.

"మాస్టారి ప్రాణం తీసింది నేనేనండి. గౌరవం అనుకుని తీశాను."

హైమవతి వెంటనే రెండు పళ్ళేలు తెప్పించింది. ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడంచేత్తో ఎత్తి చుట్టమని పక్కన నిలబడి చూసింది. ఎడంచేతి వంతు వచ్చినప్పుడు మాణిక్యాంబ అలవాటు ప్రకారం పళ్ళేన్ని పావువంతు తిప్పింది. ఆ తిప్పడం చూసి హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుంది. కుడిచేత్తో చుట్టిన గొట్టంలో కణాల వరుసలు తీగ చుట్టూ గాజుల్లా తిరిగాయి. ఎడంచేత్తో చుట్టినదాంట్లో తీగ వెంట నిలువుగా సాగాయి. ఎడమ గది బిగుసుకుని నలిపినప్పుడల్లా గొట్టం మీద నిలువు మడత పడుతుంది. ఆ మడత గాజుల్లాంటి వరుసలకి అడ్డం పడి వాటిని విరుస్తుంది. నిలువు వరుసలైతే దాని వెంట ఒదిగి, వదలగానే విచ్చుకుంటాయి. మెత్తటి కుడి గదిలో ఏ వరుసైనా నిలుస్తుంది.

ఆ మధ్యాహ్నం మాస్టారి గుండె ముక్కలని మళ్ళీ బయటికి తీశారు. ఇన్నాళ్ళూ అందరూ తాము కుట్టిన గొట్టాలనే చూశారు. ఈసారి హైమవతి ఆయన పుట్టుకతో తెచ్చుకున్న సొంత నాళాలని పలచగా కోసి చూసింది. తాను చూసి, మాణిక్యాంబని చూడమంది. కుడి గది నాళాల గోడలో కండ పోగులన్నీ చుట్టూ తిరిగే ఉన్నాయి. ఎడమ గది లోలోపలి నాళాల గోడలో వాటితో పాటు ఇంకో వరస ఉంది, నిలువుగా.

"ప్రాణం తీసింది మీరు కాదు," అంది హైమవతి. "రెండు గదుల నాళాల గోడలూ ఒకటేననుకున్నది నేను. ప్రతి గొట్టానికీ పన్నెండు గడుల పట్టిక రాయించాను. ఏ చేత్తో చుట్టారన్న గడి పెట్టాలని నాకు తోచలేదు. మాస్టారు తన గుండె ఇవ్వకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు."

డాక్టరుగారు అలా అన్నంత మాత్రాన మాణిక్యాంబ మనసు కుదుటపడుతుందా? ఆ ఆదివారం ఒక్కతే సుభద్రమ్మ ఇంటికి వెళ్ళింది. వరండాలో మాస్టారి కుర్చీ అలాగే ఉంది. అందులో కూర్చోమంటే కూర్చోలేక గచ్చు మీద చతికిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. సుభద్రమ్మ అంతా విని, మరి కుడిచేత్తో ఎందుకు చేశావమ్మా అని అడిగింది. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు, తెలుసుకుందామని అడిగినట్టుంది. పెద్దాయన కదండీ అంది మాణిక్యాంబ.

సుభద్రమ్మ కూడా గచ్చు మీదకి దిగి పక్కనే కూర్చుంది.

"ఆపరేషన్‌కి ముందు ఆర్నెల్లు ఆయన పడుకోలేదమ్మా. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే తెల్లారేది. ఆ నలభై ఒక్క రోజులూ నా పక్కన వెల్లకిలా పడుకుని గురకపెట్టి నిద్రపోయారు. ఆ గురక నాకిచ్చింది నీ కుడిచెయ్యే. దాన్నేమీ అనకు. ఇంకనుంచీ ఎడమది ముందు వెయ్యి, ఆయన చెప్పిందీ అదేగా."

మాణిక్యాంబ ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. ఏడ్చి లేచాక సుభద్రమ్మ టిఫిను పెట్టింది. ఇద్దరూ మాస్టారి కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు.

నాలుగు నెలలు మళ్ళీ మేకలతో గడిచాయి. ఈసారి పట్టికలో పదమూడో గడి వచ్చింది, దాని మీద "ఏ చెయ్యి?" అని రాసి ఉంది. ఎడంచేత్తో చుట్టినవి ఎడమ గదిలో ఒక్కటీ మూసుకుపోలేదు. అనుమతి మళ్ళీ వచ్చింది. మొదటి పేరు కాసులమ్మది. అయితే ఒక మెలిక ఉంది. గొట్టాలు ఎలా తయారవుతాయో పేషెంటుకి పూర్తిగా చెప్పి, ఒప్పుకుంటేనే ఆపరేషన్ చెయ్యాలి. హైమవతి స్వయంగా ఇంటికొచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడంచేతి సంగతీ, పిడికిలి సంగతీ అంతా చెప్పింది.

కాసులమ్మ వినడమైతే విన్నది. విని గోడవైపు తిరిగి పడుకుంది. వద్దని చెప్పెయ్యమంది.

రెండు రోజులు అదే మాట. ప్రాణం పోతున్నా ఈ పట్టింపు పోలేదా అని మాణిక్యాంబకి మొదటిసారి అత్తగారి మీద ఒళ్ళు మండింది. మూడో రోజు పొద్దున గంజి తాగిస్తుంటే కాసులమ్మే కోడలి ఎడమ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"నేను కొట్టిన చెయ్యే ఇది. పాతికేళ్ళు దాచిపెట్టించాను. ఏ మొహం పెట్టుకుని నాకు చేసి పెట్టమని దీన్ని అడగనే?"

ఇదా సంగతి అనుకుంది మాణిక్యాంబ. పట్టింపు కాదు, సిగ్గు. గంజి గ్లాసు కింద పెట్టింది.

"చెయ్యి వేరైందే గానీ పని మీరు నేర్పిందే అత్తయ్యా. ఆ దెబ్బ తగలకపోతే నాకు రెండు చేతులతో పని వచ్చేదా? నాలుగు ఈ చేత్తో చుడతాను, కుడి గదికి ఒకటి ఆ చేత్తో చుడతాను. రెండూ మీవే."

కాసులమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే, ఆ సంతకం కాయితమేదో పట్రా అంది.

ఈసారి రేకులెత్తే రోజు మాణిక్యాంబ తలంటూ పోసుకుంది, దీపమూ పెట్టింది, గోదారికి దణ్ణమూ పెట్టుకుంది. గదిలో హైమవతితో పాటు ఆరుగురు చుట్టూ నిలబడి చూస్తుండగా, అందరి ఎదుటా, ఎడంచెయ్యి చాచింది. పాతికేళ్ళలో ఆ చెయ్యి నలుగురి ముందు పని చెయ్యడం అదే మొదలు. పళ్ళేన్ని పావువంతు తిప్పింది. మనసులో మాస్టారిని తలుచుకుంది. లెఫ్ట్, అనుకుంది.

ఆపరేషనూ బాగానే జరిగింది, ఆ తరవాతి రోజులూ బాగానే గడిచాయి. కాసులమ్మ మొదట మంచం దిగింది, తరవాత గడప దిగింది, నెల తిరిగేసరికి పక్కింటావిడతో పోట్లాడేంత ఊపిరి వచ్చింది. మాణిక్యాంబ మాత్రం రోజులు లెక్కపెడుతూనే ఉంది. నలభై ఒకటి వెళ్ళింది. నలభై రెండో రోజు ప్రయోగశాలకి సెలవు పెట్టేసి, పొయ్యి ముందు కూర్చుని, రేకు తీస్తూ ఒకసారి, రేకు మడుస్తూ ఒకసారి అత్తగారి కేసి చూస్తోంది. కాసులమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని పంచదార పొడి జల్లిస్తోంది.

"ఏమే, నా మొహమ్మీద ఏమన్నా రాసుందా? పొద్దున్నుంచీ ఒకటే చూపు," అంది కాసులమ్మ.

ఏం లేదంది మాణిక్యాంబ. పొద్దెక్కింది, మధ్యాహ్నమైంది, ఏమీ జరగలేదు. సుభద్రమ్మ ఫోన్ చేసి, ఎలా ఉన్నారమ్మా మీ అత్తగారు అని అడిగింది. ఆవిడ కూడా లెక్కపెడుతోందన్నమాట. బాగున్నారండి, పంచదార జల్లిస్తున్నారండి అని చెబుతుంటే మాణిక్యాంబకి కళ్ళ నీళ్ళాగలేదు.

ఫోన్ పెట్టేసి, మూడు రేకులు ఒకదాని మీద ఒకటి పరిచి, నెయ్యి రాసి, పొడి చల్లి, ఇష్టంగా మడిచింది. ఆపరేషన్ అయ్యాక అత్తగారికి మొదటి పూతరేకు ఇది. సగం ముక్క ఫరవాలేదని హైమవతి చెప్పింది. సగానికి విరిచి కుడిచేత్తో అందించింది.

కాసులమ్మ అందుకోలేదు. జల్లెడ పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, కోడలి రెండో చేతి కేసి చూసింది.

"ఆ చేత్తో పెట్టు."

మాణిక్యాంబ గుమ్మం కేసి చూసింది. వీధి గుమ్మం బార్లా తెరిచే ఉంది. పూతరేకుల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఇటే చూస్తున్నారు.

"పెట్టవే," అంది కాసులమ్మ, వీధిలోకి వినపడేలా. "ఆ చేత్తో చేసింది గుండెలో పెట్టుకున్నాను. నోట్లో పెట్టుకోలేనా?"

మాణిక్యాంబ ముక్కని ఎడంచేతిలోకి మార్చుకుంది. కాసులమ్మ ముందుకు వంగి నోరు తెరిచింది. రేకు నాలిక మీద కరిగిపోయింది, పొడి కాస్త రాలి చీర కుచ్చిళ్ళ మీద పడింది. ఆవిడ దాన్ని దులుపుకుని, నెయ్యి కొంచెం తగ్గిందే అంది.